మహారాజశ్రీ డి డ్రైవ్ గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. ఇక్కడ నేను క్షేమమే. అక్కడ తమరి సంగతి నాకు తెలియనిది కాదు. ఆరు నెలల క్రితం పాత తువ్వాలులో చుట్టి బీరువా అడుగు అరలో పడుకోబెట్టింది నేనే కదా. పోయినవాళ్లకి ఉత్తరమేమిటి అంటారేమో. ఇంట్లోకి కొత్త కంప్యూటర్ వస్తోంది. అందులో తమరికి మళ్లీ చోటివ్వాలా వద్దా అని పది రోజులుగా నిద్ర లేదు. తమరితోనే తేల్చుకుందామని కూర్చున్నాను.

ముందు తమరి పుట్టుక గురించి. ఏ, బి అనే రెండు అక్షరాలు పాతకాలపు పలచటి డిస్కులైన ఫ్లాపీల సొత్తు కాబట్టి హార్డ్ డిస్క్‌కి సి మిగిలింది. ఫ్లాపీలు పోయి ఇన్నేళ్లయినా ఆ రెండు పీటల మీద విండోస్ తనంతట తాను ఇంకెవరినీ కూర్చోబెట్టదు. సి తర్వాత తమరు. నిజానికి తమరు పుట్టలేదు, తమర్ని గీశారు. ఒకే ఒక 500 జీబీ డిస్కు మధ్యలో గీత గీసి, ఇటు సి, అటు డి అన్నారు. సిస్టమ్ సెటప్ చేసిన కుర్రాడు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "సార్, సిలో ఏమీ పెట్టకండి, ఫార్మాట్ కొడితే పోతాయి. ముఖ్యమైనవన్నీ డిలో పెట్టుకోండి" అన్నాడు.

అదే నాకు మంత్రోపదేశం. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. విండోస్ పాడైనప్పుడల్లా సిని తుడిచేసి మళ్లీ ఎక్కించాం, తమరి మీద ఈగ వాలలేదు. అలా మూడుసార్లు గట్టెక్కాక నాకు తమరి మీద ఉన్న నమ్మకం కాస్తా భక్తిగా ముదిరింది. కుర్రాడు చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. రెండు గదుల మధ్య గోడ కట్టినంత మాత్రాన అవి రెండు ఇళ్లు అయిపోవు. లోపల తిరిగే పళ్లేలు అవే, వాటి మీద తేలుతూ చదివే హెడ్డు అదే, తిప్పే మోటారూ అదే. ఆ హెడ్డు వెళ్లి పళ్లేన్ని గీరుకున్న రోజు, గీతకి ఇవతలా అవతలా అని చూసుకోలేదు. టక్, టక్, టక్ అని మూడు రోజులు మూలిగి, సితో పాటు తమరూ కట్టగట్టుకుని వెళ్లిపోయారు. పన్నెండేళ్ల ఫోటోలు తమరితోనే.

పోయినవాళ్లని తిట్టకూడదంటారు. కానీ ఆ గీత గురించి ఒక్క మాట అనకపోతే నా కడుపు మంట చల్లారదు. సికి 50 జీబీ చాలన్నారు ఆ రోజున. రెండేళ్లకే దాని బార్ ఎర్రబడింది. పక్కనే తమరి దగ్గర 200 జీబీ ఖాళీ. ముందు గదిలో జనం నిలబడి కునికిపాట్లు పడుతుంటే పక్క గదిలో మంచాలన్నీ ఖాళీగా ఉన్నట్టు! సర్దుకోమని అడుగుదామని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. తమరు చివరి వైపు నుంచి ఎంతైనా జరుగుతారట, సి ఉన్న వైపు నుంచి మాత్రం అంగుళం ఇవ్వరట. సికి కావలసింది సరిగ్గా ఆ అంగుళమే. ఎన్ని ఆదివారాలు టెంప్ (తాత్కాలిక) ఫైళ్లు ఏరుకుంటూ గడిపానో తమరికి లెక్క తెలియదు.

సరే, లోపలి సంసారమైనా చక్కగా ఉందా? కొత్త ఫోల్డర్. కొత్త ఫోల్డర్ 2. కొత్త ఫోల్డర్ 7 (మధ్యవి ఏమయ్యాయో!). 'తర్వాత చూడాలి' అని ఒకటి, దాంట్లో 'డెస్క్‌టాప్ బ్యాకప్', దాంట్లో 'పాత డెస్క్‌టాప్', దాంట్లో మళ్లీ 'తర్వాత చూడాలి'. ఒకసారి ఇదంతా కాపీ చేయబోతే, దారి పేరు మరీ పొడుగైంది, నా వల్ల కాదు పొమ్మంది విండోస్. 260 అక్షరాలు దాటితే దానికి ఆయాసం. ఈ కంగాళీ నా చేతి చలవే, ఒప్పుకుంటున్నాను. కానీ ఏది పడేసినా ఒక్క మాట అనకుండా పుచ్చుకున్నది తమరే.

1956లో ఐబీఎం వాళ్లు చేసిన మొదటి హార్డ్ డిస్క్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు యాభై ఉండేవి. బరువు టన్ను చిల్లర. పట్టేది 50 లక్షల అక్షరాలు. నా ఫోన్ తీసే ఫోటో ఒక్కటి ఎక్కిస్తే అది నిండిపోతుంది. దాన్ని వాడినవాళ్లు ఏది ఉంచాలి, ఏది వద్దు అని ఒకటికి పదిసార్లు ఆలోచించుకునే ఉంటారు. తమరి 500 జీబీలో నేను ఆ పని ఒక్కనాడూ చేయలేదు.

ఇక కొత్త పెళ్లిచూపుల కబుర్లు చెబుతాను, కుళ్లుకోకండి. ఈసారి తిరిగే పళ్లేలు లేని, చిప్పుల్లోనే అన్నీ దాచుకునే ఎస్ఎస్‌డీ తీసుకుంటున్నాను. తమరు నిమిషానికి 7200 చుట్లు తిరిగేవారు. ఆ లెక్కన ఒక చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైన. అడిగిన ముక్క హెడ్డు కిందికి వచ్చేదాకా, ఫైలు ఫైలుకీ అన్నమాట, అది చూస్తూ కూర్చోవాలి. విండోస్ మొదలయ్యేలోపు నేను స్నానం చేసి వచ్చిన రహస్యం ఇదే. ఎస్ఎస్‌డీలో ఆ ఎదురుచూపే లేదు.

కొనడం తేలికనుకున్నాను. ఎమ్.2 అంటే ఏదో జెట్ వేగమనుకుంటే, తీరా అది ఆకారం పేరట. 22 మిల్లీమీటర్ల వెడల్పు, సాధారణంగా 80 పొడవు ఉండే పలక. ఆ వేషంలో కంప్యూటర్‌తో పాత పద్ధతిలో మాట్లాడే సాటా ఎస్ఎస్‌డీ ఉండొచ్చు, కొత్త పద్ధతిలో మాట్లాడే ఎన్‌వీఎమ్‌ఈ ఉండొచ్చు. మొదటిది సెకనుకు 550 ఎంబీ దగ్గర చతికిలబడుతుంది, రెండోదాంట్లో నాలుగో తరానివి 7000 దాకా లాగుతాయి. మదర్‌బోర్డులోని స్లాట్ దేన్ని ఒప్పుకుంటుందో ముందు చూసుకోకపోతే, కొన్న పలకని పుస్తకంలో గుర్తుగా పెట్టుకోవాలి. ఆ 7000 కోసం వారం రోజులు కొట్టుకున్నాక నాకు జ్ఞానోదయమైంది. నేను కంప్యూటర్‌లో చేసేది మెయిల్ చూడటం, కరెంటు బిల్లు కట్టడం. తమరి నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా నాకది పుష్పక విమానమే. అందులో మళ్లీ తరాల తేడా నాకు తెలిసేది డబ్బా మీద చదివితేనే.

ఇంకో టెన్షన్, ఎస్ఎస్‌డీ అరిగిపోతుందట. నేను చూసిన 1 టీబీ డ్రైవ్ మీద 600 టీబీడబ్ల్యూ అని ఉంది. అంటే 600 టీబీ రాసేవరకు పూచీ. రోజుకి 50 జీబీ రాసినా 12 వేల రోజులు, ముప్పై రెండేళ్ల పైమాట. వారంటీ కాగితం తీసి చూస్తే అందులో అయిదేళ్లే. ఏది ముందు వస్తే అదట. ముప్పై రెండేళ్ల తర్వాత నేను పనిచేస్తానని మాత్రం ఏ కాగితం మీద ఉంది గనక?

కొన్న 1 టీబీ తెరిస్తే 931 జీబీ కనిపిస్తుందని ముందే తెలుసు కాబట్టి ఈసారి ఎవరితోనూ తగువు పడను. అమ్మేవాడు వెయ్యితో కొలుస్తాడు, విండోస్ 1024తో కొలుస్తుంది. ఈ గందరగోళం వద్దనే 1998లో 1024 లెక్కకి గిబిబైట్ అని వేరే పేరు కూడా పెట్టారు. విండోస్ గిబిబైట్లు లెక్కపెట్టి పక్కన జీబీ అని రాయడం ఇంకా మానలేదు.

ఇప్పుడు అసలు విషయం. తమరికి చోటు లేదు. కోపగించుకోకండి. తమరి రోజుల్లో గీతకి కాస్త అర్థమైనా ఉండేది. పళ్లెం అంచున ఉన్న భాగం వేగంగా చదివేది కాబట్టి మొదటి వాటా సికి దక్కేది. ఎస్ఎస్‌డీలో ఏ ముక్క ఏ చిప్పులో పడాలో లోపలి కంట్రోలర్ తన ఇష్టానికి చూసుకుంటుంది. ఇది సి వాటా, ఇది డి వాటా అంటే దాని చెవికెక్కదు. విండోస్ పాడైతే ఫైళ్లు ఉంచి రీసెట్ చేసే వీలు ఇప్పుడు అందులోనే ఉంది. ఒకటే డ్రైవ్, ఒకటే సి. బ్యాకప్‌కి విడిగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. కాపీ అవగానే దాన్ని పీకేసి లోపల పెట్టేస్తాను. ఇంకో కాపీ ఇంటి బయట ఎక్కడైనా. రెండు డ్రైవులు కొని రెయిడ్ పెట్టి అద్దంలా ఒకదాన్ని ఇంకోదాంట్లో చూపించమని మా బావమరిది సలహా ఇచ్చాడు. నేను పొరపాటున ఒక ఫోటో చెరిపేస్తే అద్దంలోది మాత్రం ఉంటుందా బావా అని అడిగితే, ఫోన్ వస్తోందని బయటికెళ్లాడు.

ఫోల్డర్ల ఏర్పాటు కూడా పూర్తయింది, నోటు పుస్తకంలో. ఏడాది, దాని కింద నెల, దాని కింద సందర్భం. నాలుగు పేజీలు వచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీయండి.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తాజా కలం: ఉత్తరం పెట్టెలో వేసేలోపే కంప్యూటర్ వచ్చేసింది. నిన్న రాత్రి, పాత ఫోన్లలోనూ పెన్‌డ్రైవుల్లోనూ ఏరుకున్న 140 జీబీని భద్రం చేద్దామని ఆ ఎక్స్‌టర్నల్ డిస్కుని తగిలించాను. విండోస్ దాన్ని చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, డి అని పేరు పెట్టింది. నోటు పుస్తకం కోసం అటూ ఇటూ వెతికాను. కనబడలేదు. అప్పటికే చాలా పొద్దుపోయింది. ప్రస్తుతానికి అన్నీ కొత్త ఫోల్డర్‌లో వేశాను.