ముందు యార్డా, వంతెనా?

కడపలో ఒక మిద్దె మీద గది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అందులో గుంతకల్లు–రేణిగుంట లైనును ఎన్ స్కేల్‌లో, అంటే అసలు సైజులో 160వ వంతుగా కట్టాలని ఒక మేనమామా మేనల్లుడూ అనుకున్నారు. మామ గుంతకల్లులో యార్డ్ మాస్టర్‌గా రిటైరయ్యాడు. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. చెక్క కోయకముందే పేచీ మొదలైంది. రైళ్లను కంటికి కనబడకుండా నిలిపి ఉంచే స్టేజింగ్ యార్డు ముందు కట్టాలని అల్లుడు, నందలూరు దగ్గర చెయ్యేటి మీది వంతెన ముందు కట్టాలని మామ. నా ఓటు అల్లుడికేనని ముందే చెప్పేస్తున్నా. అయినా మామ కొట్టిన దెబ్బలు ఏవీ దాచలేదు.

మామ: ఏమబ్బీ, సర్వీసంతా యార్డులో గడిపినోడిని. వానలో, చలిలో వ్యాగన్ల మధ్య చేతిదీపం పట్టుకుని తిరిగాను. ఇంటికొస్తే నా మిద్దె మీద మళ్ళీ యార్డేనా? అది కూడా అట్ట వెనక దాచిపెట్టి! ఎవరూ చూడని దానికి అంత ఖర్చెందుకు?

అల్లుడు: యార్డును చూడ్డానికి కట్టం మామా. చూసే రైలు ఎక్కడి నుంచో రావాలి, చూశాక ఎక్కడికో పోవాలి. వంతెన ఒక్కటే కట్టామనుకో. రాయలసీమ ఎక్స్‌ప్రెస్ వంతెన దాటుతుంది, గోడల చుట్టూ ఒక రౌండ్ కొడుతుంది, నిమిషం తిరక్కముందే మళ్ళీ అదే వంతెన మీదికి అదే బండి వస్తుంది. రేణిగుంట వైపు పోయిన బండి గుంతకల్లు వైపు నుంచి ఎట్లా వచ్చింది? మొదటి వారం బాగానే ఉంటుంది. తర్వాత స్విచ్ వెయ్యడానికి కూడా మిద్దె ఎక్కం.

మామ: మీ అక్క కూతురు గంటసేపు కదలకుండా చూస్తుంది.

అల్లుడు: పాపకు నాలుగేళ్ళు మామా.

మామ: నాకూ అదే చాలు. ఎన్నో బండ్లను పంపించాను గానీ, ఒక్కటన్నా ఏటి మీద పోతుంటే గట్టున నిలబడి చూడలేదు. బండి యార్డు దాటితే ఇక దాని ముఖం నాకు తెలియదు.

(ఇది వాదన కాదని తోసెయ్యొచ్చు. కానీ ఇంట్లో బొమ్మ రైల్వే కట్టేది ఎందుకు అనే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు అల్లుడి దగ్గర కూడా లేదు. అందుకే వాడు దారి మార్చాడు.)

అల్లుడు: సరే, బొగ్గు రేకు, అదే వ్యాగన్ల వరస, దాని సంగతి చెప్పు. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ కరెంటు ప్లాంటుకు బొగ్గు నిండుగా పోతుంది, రేకు ఖాళీగా తిరిగొస్తుంది. ఓపెన్ వ్యాగన్లు, పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. మన గదిలో గని పట్టదు, ప్లాంటు పట్టదు. యార్డు ఉంటే ఒక లైనులో నిండు రేకు, పక్క లైనులో ఖాళీ రేకు పెట్టుకుంటాం. నిండుది ఈ కొసన బయలుదేరుతుంది. స్టేషన్లో పక్కకు తప్పుకునే లూప్ లైనులో ఆగుతుంది. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌కు దారిస్తుంది. సిగ్నల్ పడ్డాక కదిలి ఆ కొసన కనుమరుగవుతుంది. కాసేపటికి ఆ కొస నుంచే ఖాళీ రేకు వస్తుంది. చూసేవాడికి బొగ్గు ఎక్కడో దిగినట్టే. ఐదు లైన్లుంటే ఐదు బండ్లు, ఎవరి టైముకు వాళ్ళు. ఒకటి లేటయితే మిగతావి ఎక్కడ ఆపాలా అని నీకే టెన్షన్ మొదలవుతుంది. అది రైల్వే. వంతెన మీద గిరగిరా తిరిగేది అలంకారం. నాటకానికి తెర వెనక గది లేకుంటే కృష్ణుడు, దుర్యోధనుడు అందరూ మొదటి సీను నుంచీ స్టేజీ మీదే కూర్చోవాలి మామా.

మామ: జనం టికెట్ కొనేది కృష్ణుణ్ణి చూడ్డానికి, మేకప్ గది చూడ్డానికి కాదు. ఆ సంగతి వదిలెయ్. రేకు అన్నావు గదా, ఎన్ని వ్యాగన్లు?

అల్లుడు: అసలుదానికైతే 58.

మామ: బాక్స్ఎన్ బొగ్గు వ్యాగన్ ఒకటి కప్లర్ నుంచి కప్లర్‌కు దాదాపు 10.7 మీటర్లు. 58తో హెచ్చించి 160తో భాగించు.

అల్లుడు: 3.9 మీటర్లు దగ్గర దగ్గర.

మామ: గది పొడవు?

అల్లుడు: 3.66.

మామ: యార్డు దాకా ఎందుకు, గదే చాలదు! పైగా నీ యార్డుకు రెండు కొసలా పట్టా చీలే పాయింట్లు కావాలి. ఐదు లైన్లంటే ఒక్కో కొసన నాలుగు పాయింట్లు. ఒక్కోటి పన్నెండు సెంటీమీటర్లేసుకున్నా, రెండు కొసలకు కలిపి మీటరు పొడవు వాటికే పోతుంది. లోపలి లైనుకు మిగిలేది రెండున్నర మీటర్లు. మరి ఏం నడుపుతావు?

అల్లుడు: ముప్పై వ్యాగన్లు. రెండు మీటర్లలో సరిపోతుంది.

మామ: నువ్వు సగం రేకు నడుపుకో, నేను సగం వంతెన కట్టుకుంటా. స్తంభానికీ స్తంభానికీ మధ్య ముప్పై మీటర్ల గర్డర్ స్పాన్ నీ స్కేలులో 19 సెంటీమీటర్లు. ఏడు స్పాన్లు వేస్తే 1.33 మీటర్లు. చెయ్యేరు అంత చిన్నదా అని నిన్ననే ఎగతాళి చేశావు గదా.

అల్లుడు ఇక్కడ వాదనలో ఒక పాయింటు పోగొట్టుకున్నాడు. తేరుకుని, యార్డును లేఅవుట్ కింద, అడుగు అంతస్తులో పెడతామన్నాడు. పెద్ద దెబ్బ తిన్నది అక్కడే.

మామ: కిందనా? చెయ్యి దూరాలంటే పై చెక్కకూ కింది పట్టాకూ మధ్య పదిహేను సెంటీమీటర్లన్నా వదలాలి. గ్రేడ్, అంటే పట్టా వాలు, యాభైకి ఒకటి వేసినా పదిహేను సెంటీమీటర్లు ఎక్కడానికి ఏడున్నర మీటర్ల పట్టా. గది చుట్టుకొలతే పదమూడు మీటర్లు. సగం లైను ఎక్కడానికే సరి! దానికి తోడు మూల మూలకూ కర్వ్. ఎక్కుతూ కర్వ్ తిరిగితే బండి ఇంకా బరువెక్కుతుంది, నీ చిన్న ఇంజన్ చక్రాలు జారుతాయి. ఇంకోటి విను. మిద్దె మీద గది, మే నెలలో కాలిపోతుంది. నీ పట్టా నికెల్ సిల్వరే గదా? గోడ పొడవునా ఒకే ముక్కగా వేస్తే, ముప్పై డిగ్రీల తేడాకు రెండు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అతుకుల దగ్గర గ్యాప్ వదలకుంటే వంకర తిరుగుతుంది. కళ్ళెదుట తిరిగితే సరిచేస్తాం. నీ చీకటి అరలో తిరిగితే ఎవడు చూస్తాడు? బల్లి పోయి పాయింటు మీద పడుకున్నా తెలియదు. పడిపోయిన బండిని తియ్యడానికి నేను ఈ మోకాళ్ళతో బల్ల కిందికి దూరాలా?

అల్లుడు: దూరొద్దు. అడుగు అంతస్తు వద్దు, ఒప్పుకున్నా. పడమటి గోడ వెంబడి అదే ఎత్తులో పెడదాం. ముందర ఒక జానెడు ఎత్తు అట్ట, దాని మీద ఎర్రమల కొండల బొమ్మ. అట్ట వెనక యార్డు. పైకప్పు ఉండదు, వంగి చూస్తే ఐదు లైన్లూ కనిపిస్తాయి. లైనుకూ లైనుకూ మధ్య నాలుగు సెంటీమీటర్లు వదిలితే వేలు దూరుతుంది. మొత్తం ఇరవై సెంటీమీటర్ల వెడల్పు అర. గ్రేడ్ లేదు.

మామ: పాయింట్ల ఖర్చు?

అల్లుడు: చెరి నాలుగు, ఎనిమిది. అది ఎక్కువనుకుంటే పాయింట్లే లేకుండా చెయ్యొచ్చు. రెండు అల్యూమినియం యాంగిల్ ముక్కలు చెక్క మీద సమాంతరంగా బిగిస్తే అదే పట్టా, అదే కరెంటు తీగ. వాటి మధ్య బండి నిలుస్తుంది. చెక్కతో సహా ఎత్తి పక్కన పెట్టి, ఇంకో బండి ఉన్న చెక్కను లైనుకు తగిలించడమే. ఇంగ్లండులో చోటు లేనివాళ్ళు చాలామంది ఇట్లాగే చేస్తారు, క్యాసెట్ అంటారు. హార్డ్‌వేర్ షాపు సామాను చాలు.

మామ: బండిని చేత్తో ఎత్తి పెడితే అది యార్డు ఎట్లా అవుతుందిరా? షంటింగ్ ఎక్కడుంది? పాయింట్లే వెయ్యి. కానీ చెయ్యేరు వద్దంటే నేను దొరబావి వంతెన కడతా. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో లోయ మీద ఉండేది. నువ్వు పుట్టకముందు దాని మీద బండి పోతుంటే పక్కనున్నోడు కళ్ళు మూసుకునేవాడు.

అల్లుడు: అది మీటర్ గేజ్ మామా! గేజ్ మార్చినప్పుడు లైనే వేరే దారి పట్టింది. మన స్కేలులో మీటర్ గేజ్ అంటే రెండు పట్టాల మధ్య 6.25 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నదైన జెడ్ స్కేలు పట్టా 6.5 ఉంటుంది, అది తెచ్చుకోవాలి. దాని మీద పోయే మన మీటర్ గేజ్ ఇంజన్ ఎవడూ అమ్మడు. గుంతకల్లు–రేణిగుంట లైనులో దొరబావి ఎట్లా వస్తుంది?

మామ: ఓహో, గేజ్ కూడా చూస్తావా? మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. నూట అరవైతో భాగించు.

అల్లుడు: ...పదిన్నర.

మామ: నీ పట్టా ఎంత?

అల్లుడు: తొమ్మిది.

మామ: తొమ్మిదంటే 1440. యూరప్‌లో వేసే గేజ్! మన బండ్లను దాని మీద నడుపుతూ నాకు గేజ్ పాఠం చెబుతున్నావు.

ఈ గేజ్ గొడవ మధ్యాహ్నం భోజనం దాకా సాగింది. అది మళ్ళీ రాస్తే యార్డూ వంతెనా రెండూ మరుగునపడతాయి. చేతులు కడుక్కున్నాక మామే అసలు సంగతికి వచ్చాడు.

మామ: ఒకటి చెప్పు. ప్లైవుడ్ షీటు పరిచి యార్డు, లైను అన్నీ వేశాక, తర్వాత వంతెన కడతానంటావు. అప్పుడు ఏరు ఎక్కడ తవ్వుతావు? వంతెన కింద లోతు ఉండాలి. లోతు ఫ్రేములోనే ఉండాలి. యార్డు తర్వాతైనా వేసుకోవచ్చు, గోడవారన ఒక అర కొట్టడమే. వంతెన అట్లా కాదు. ఏది ముందో ఇప్పుడు చెప్పు.

అల్లుడు: ఫ్రేము ముందు, అది నిజం. ఏరు వచ్చే చోట షీటు వెయ్యం. కలప చట్రం కిందికి దించుతాం, మధ్యలో తాత్కాలికంగా ఒక పలక వేసి పట్టా పరుస్తాం. వంతెన తయారయ్యాక పలక తీసేస్తాం. అప్పటిదాకా బండ్లు ఆగవు. కానీ యార్డు లేకుంటే మొదటి రోజు నుంచే నడపడానికి ఏమీ ఉండదు. ఇంకోటి అడుగుతా. 2021 నవంబరులో అన్నమయ్య డ్యాం తెగి, నందలూరు–రాజంపేట మధ్య ట్రాక్ కొట్టుకుపోయింది గదా. అప్పుడు బండ్లు ఏమయ్యాయి?

మామ: కొన్ని రద్దు చేశారు. కొన్నిటిని దారి మళ్ళించారు.

అల్లుడు: దారిలో ఉన్నవి?

మామ: ...వెనక స్టేషన్లలో ఆపాలి. లూప్‌లో, యార్డులో.

అల్లుడు: ఏరు పొంగితే వంతెన చేసేదేమీ లేదు. అప్పుడు లైనును నడిపించేది నీలాంటివాళ్ళు ఉన్న యార్డు. మన గదిలో కూడా వంతెన పలక తీసి గర్డర్లు పెట్టేటప్పుడు బండ్లు ఎక్కడో ఉండాలి గదా?

మామ: నన్ను పొగిడి పని చేయించుకోవద్దు. సరే, పడమటి గోడ యార్డుకు తీసుకో. నా వంతెనకు చోటు చూపించు. దక్షిణం గోడకు స్టేషన్ అన్నావు, ఉత్తరాన కిటికీ.

అల్లుడు: తూర్పున తలుపు ఉంది. లైను గది చుట్టూ తిరగాలంటే తలుపు దగ్గర ఎట్లాగూ ఖాళీ దాటాలి. మూడడుగుల తలుపు, నీ స్పాన్లు ఐదు పెడితే 95 సెంటీమీటర్లు, సరిగ్గా సరిపోతుంది. కింద లోతు కూడా నేల దాకా. ఎత్తి పక్కన పెట్టేలా కడదాం.

మామ: లేచే వంతెన పాంబన్లో ఉంది గానీ చెయ్యేటి మీద ఎక్కడుందిరా? పైగా మనుషులు నడిచే చోట ఏరా? ఎవరో మోచెయ్యి తగిలిస్తే ఇంజన్ నేల మీద పడుతుంది.

అల్లుడు: అందుకే ఇంటర్‌లాకింగ్. వంతెన తీసి ఉంటే రెండు పక్కలా అర మీటరు దాకా పట్టాలో కరెంటు ఉండదు. బండి గట్టు దాకా రాకముందే ఆగిపోతుంది. వంతెన కూర్చుంటేనే స్విచ్ నొక్కుకుంటుంది.

మామ: ఆ స్విచ్ ఒకటి చాలదు, రెండు కొసలా ఉండాలి. ఒక కొస లేచి ఒక కొస కూర్చుంటే? రెండూ తగిలితేనే కరెంటు. కొసల్లో ఇత్తడి పిన్నులు పెట్టాలి, పట్టా పట్టాకు సూటిగా ఉండాలి. లోపలి పక్క గార్డు రెయిల్స్, అదే బండికి కాపుగా వేసే అదనపు పట్టాలు, వెయ్యకుండా నేను బండిని పోనివ్వను. గర్డర్ మీద కంకర పొయ్యొద్దు, స్లీపర్లు నేరుగా గర్డర్ మీదే.

అల్లుడు: వేస్తా. కానీ ముందు యార్డు.

మామ: ముందు ఫ్రేము అన్నావు.

అల్లుడు: ఫ్రేము, ఆ తర్వాత యార్డు, ఆ తర్వాత వంతెన.

మామ: ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?

అల్లుడు: లోపలికి.

మామ: అయితే వంతెన పెట్టి ఉన్నప్పుడు తలుపు ఎట్లా తీస్తార్రా? వడ్రంగిని పిలిచి ముందు కీళ్ళు మార్పించు. తర్వాత నీ యార్డు.