చెకింగ్‌కు ఇవ్వని డబ్బే పార్టులకు పోతోంది: పాత డీజిల్ కార్ల రిపేరుపై ఒక విశ్లేషణ

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ కారుకు పికప్ తగ్గి, పొగ ఎక్కువైతే విశాఖలో దాని యజమాని ముందుగా వినే మాట 'ఇంజిన్ పని వచ్చింది', అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయాలని. చాలాసార్లు బానెట్ ఎత్తకముందే, మీటరు మీద అంకె చూసి ఆ మాట అనేస్తారు. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అమ్మేద్దామా, అప్పు చేసి పని చేయిద్దామా అని లెక్కలు వేసుకుంటారు. దేన్నీ కొలవకుండా ఇచ్చే ఈ తీర్పును ఒప్పుకోకూడదని నా వాదన. అయితే కొలవకపోవడంలో తప్పు షెడ్డువాళ్లది ఒక్కటే కాదు. కొలిచే పనికి డబ్బు ఇవ్వడం మనకూ అలవాటు లేదు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, ఈ బండ్లలో చాలావాటికి బదులు కొనుక్కోవడానికి కొత్త డీజిల్ బండ్లు దాదాపు లేవు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం అమల్లోకి వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లను పూర్తిగా మానేసింది. టయోటా ఎటియోస్ కూడా అదే ఏడాది ఆగిపోయింది. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా లాంటి బండ్లలో వచ్చిన 1248 సీసీ ఫియట్ ఇంజిన్ మీద, ఇన్నోవా మీద, ఎటియోస్ మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. అరకు, లంబసింగి ట్రిప్పులు వేసేది ఎక్కువగా ఇవే. సమయానికి ఆయిలు, ఫిల్టర్లు మార్చుకుంటూ వస్తే ఈ ఇంజిన్లకు మూడు లక్షల కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. అలాంటి బండిని తొందరపడి విప్పించినా, తుక్కు రేటుకు వదిలేసినా ఒక ఇంటి సంపాదన పోయినట్టే.

షెడ్డులో బిల్లు ఎలా తయారవుతుందో గమనించండి. పార్టు ధర, దాన్ని మార్చినందుకు లేబర్. కారణం వెతకడానికి పట్టిన రెండు మూడు గంటలకు అందులో చోటు ఉండదు. ఎవరైనా మెకానిక్ ధైర్యం చేసి రాస్తే, 'ఊరికే చూసినందుకు కూడా డబ్బులా?' అని మనమే గొడవపడతాం. పార్టు మారిస్తేనే కూలి గిట్టే చోట పార్టే మారుతుంది. పైగా ట్యాక్సీ అయితే సాయంత్రానికల్లా రోడ్డు మీద ఉండాలి, ఈఎంఐ ఆగదు. నాజిల్స్ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చి చూద్దాం, తగ్గకపోతే డీజిల్ పంపు చూద్దాం, అదీ కాకపోతే హెడ్ (సిలిండర్ల మీది మూత) దింపుదాం అనే వరస ఇలాగే పుట్టింది. ఇందులో మోసం చేయాలనే ఉద్దేశం చాలా తక్కువ. కానీ ఓనరు జేబుకు పడే చిల్లు మాత్రం అంతే.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ వచ్చాక ఈ పద్ధతి మారాల్సింది. మారకపోగా ముదిరింది. పీ0087 అనే కోడ్ వచ్చిందనుకోండి. రైలులో, అంటే పంపు నుంచి నాజిల్స్‌కు డీజిల్ పంచే గొట్టంలో, ప్రెషర్ చాలడం లేదని దాని అర్థం, అంతవరకే. ఫిల్టర్ మూసుకుపోయినా, లైనులో గాలి పట్టినా, నాజిల్ లోపల లీకై డీజిల్ వెనక్కి పోతున్నా, పంపు మీది వాల్వు ఇరుక్కున్నా, ప్రెషర్ సెన్సర్ తప్పు చెబుతున్నా ఇదే కోడ్ వస్తుంది. కోడ్ చూసిన వెంటనే 'పంపు పోయింది' అంటే స్కానర్ పెట్టినా పెట్టనట్టే. ఎక్కడ వెతకాలో కోడ్ చెబుతుంది. వెతకడం మనిషి చేయాలి.

వెతకడం గాలి వైపు నుంచి మొదలుపెట్టాలి. ఖర్చు తక్కువ, చాలావరకు కంటికి కనబడుతుంది. గాజువాక, మల్కాపురం, పోర్టు రోడ్ల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. ఫిల్టర్ తర్వాత చూడాల్సింది గాలిని నొక్కి తోసే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు పైపులు. నాకు తెలిసిన ఒక డిజైర్ టూరిస్టు బండి సాఫు రోడ్డు మీద బాగానే వెళ్లేది. ఐదుగురిని ఎక్కించుకుని సింహాచలం కొండ ఎక్కితే మాత్రం సెకండ్ గేరులో కూడా లాగేది కాదు, వెనక నల్లటి పొగ. ఒక షెడ్డులో టర్బో అన్నారు, ఇంకోచోట ఇంజిన్ అన్నారు. ఆటోనగర్‌లో వయసు మళ్లిన ఒక మెకానిక్ ఇంటర్‌కూలర్ పైపు అడుగున వేలు పెట్టి తీస్తే వేలికి ఆయిలు జిడ్డు అంటింది. పైపు ఊడదీసి రెండు చేతుల్తో వంచాడు. క్లాంపు పక్కన మడత దగ్గర రెండంగుళాల చీలిక నోరు తెరిచింది. వంచకపోతే అది మూసుకునే ఉంది. అందుకే బండి నిలబెట్టి చూసినవాళ్లెవరికీ దొరకలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు టర్బో గాలి గట్టిగా తోస్తేనే అది తెరుచుకునేది.

పొగ నల్లగా రావడానికి కారణం కూడా అదే. లోపలికి వచ్చిన గాలిని ముందు సెన్సర్ కొలుస్తుంది, ఆ లెక్క ప్రకారం డీజిల్ పడుతుంది. కొలిచిన గాలిలో కొంత చీలికలోంచి బయటకు పోతే డీజిల్ ఎక్కువై సరిగా కాలదు. ఆ మెకానిక్ పాత పైపుతో ఒకసారి, కొత్త పైపుతో ఒకసారి స్కానర్ పెట్టి బండి నడిపించాడు. ఇంజిన్ అడిగిన బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ప్రెషర్) ఎంత, అందింది ఎంత అన్నది రెండుసార్లూ డ్రైవరుకే చూపించాడు. నేను కొలత అంటున్నది దీన్నే.

కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు సంగతీ ఇక్కడే చెప్పాలి. ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి గాజువాక దాకా ఫస్టు, సెకండు గేర్లలో పాకే బండిలో ఈ వాల్వు, దాని వెనక సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డు మసితో పూడిపోతాయి. విప్పి శుభ్రం చేస్తే చాలావరకు సరిపోతుంది. రేకు ముక్క పెట్టి మూసేయడం ఇప్పుడు మామూలైపోయింది. పికప్ బాగుందని ఓనర్లూ సంతోషిస్తున్నారు. నేను దీన్ని సమర్థించను. ఆ వాల్వు ఉన్నదే పొగగొట్టంలోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి. అసలే పారిశ్రామిక కాలుష్యంతో ఇబ్బంది పడుతున్న ఊరిలో ఆ విషాన్ని వీధిలోకి వదిలి మన బండి పికప్ పెంచుకోవడం తగదు.

ఇక డీజిల్ వైపు. ఇక్కడ చవకైన, నమ్మకమైన పరీక్ష సీసాల పరీక్ష. నాలుగు నాజిల్స్ మీది రిటర్న్ పైపులు (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) తీసి, ఒక్కోదానికి సన్నటి ట్యూబు తగిలించి నాలుగు ఒకే రకం సీసాల్లోకి వదులుతారు. ఇంజిన్ కొన్ని నిమిషాలు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నడిపి ఆపేస్తారు. నాలుగు సీసాల్లో డీజిల్ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. మూడింటిలో అడుగున కొంచెం ఉండి, ఒకదానిలో సగం దాకా నిండిందంటే లోపం ఆ నాజిల్‌లోనే. నడిచేటప్పుడు ఈ ఇంజిన్ల రైలులో ప్రెషర్ వెయ్యి బార్లు దాటిపోతుంది. స్టార్ట్ కావడానికే సుమారు రెండు వందల బార్లు కావాలి. ఒక్క నాజిల్ డీజిల్‌ను వెనక్కి వదిలేస్తున్నా సెల్ఫ్ కొట్టినంతసేపూ ఆ ప్రెషర్ రాదు. వేడికి డీజిల్ పలచబడి లీకు పెరుగుతుంది కాబట్టి, పొద్దున్నే చక్కగా స్టార్టయిన బండి మధ్యాహ్నం భోజనానికి ఆపితే మళ్లీ పట్టదు. చల్లారాక పడుతుంది. ఈ లక్షణం చెబితే నాలుగు నాజిల్సూ మార్చేయాలనో, సెల్ఫ్ మోటారు పోయిందనో అంటారు. సీసాలు చూస్తే ఒకటి మారిస్తే సరిపోవచ్చు. మార్చాక దాని మీదున్న కోడ్ నంబరును చాలా బండ్లలో ఈసీయూలో, అంటే బండి కంప్యూటర్‌లో, ఎక్కించాలి. అది చేయకపోతే కొత్త నాజిల్‌తోనూ ఇంజిన్ అదురుతుంది, 'చూశారా, పంపు కూడా పోయింది' అనే మాట వస్తుంది.

ఇన్నోవాలో ఐడిల్ ఎక్కుతూ దిగుతూ ఉండి, సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంటే పంపు మీదుండి లోపలికి వెళ్లే డీజిల్‌ను అదుపు చేసే చిన్న సక్షన్ కంట్రోల్ వాల్వును ముందు అనుమానించాలి. పంపు మొత్తం దింపడం ఆ తర్వాతి మాట. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరే నీటిని తీయించడం మన తేమ వాతావరణంలో మరీ అవసరం.

విశాఖలో ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఉప్పు గాలి. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు రాత్రుళ్లు బయట నిలబెట్టే బండ్లలో సెన్సర్ కనెక్టర్ల పిన్నులకు పచ్చగా చిలుం పడుతుంది. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ తీగ బోల్టు దగ్గర తుప్పు పడుతుంది. సెన్సర్ బాగానే ఉంటుంది, దాని కబురు మాత్రం ఈసీయూకు సరిగా అందదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పది లోపుకు పడిపోతే ఇంజిన్ తిరగడమే మందగించి ప్రెషర్ రాదు. మల్టీమీటరు పెట్టి ఐదు నిమిషాలు చూస్తే తెలిసే సంగతి ఇది. దీనికోసం నాజిల్స్ మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

ఇవన్నీ చూశాకే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, దగ్గరకు రావాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నడాన్ని మన దగ్గర బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది అనుమానానికి పనికొస్తుంది, తీర్పుకు చాలదు. గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ విడివిడిగా కొలిచి, వాటి మధ్య తేడా చూడాలి. తక్కువ చూపించిన సిలిండర్‌లోకి కంప్రెసర్‌తో గాలి పంపి అది ఎటు పోతుందో వినాలి. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే వాల్వులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ కింద సీలుగా ఉండే హెడ్ గాస్కెట్. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఒకసారి బాగా వేడెక్కి, అప్పటి నుంచి నీళ్లు తగ్గుతూ తెల్ల పొగ వస్తున్న బండిలో తరచు బయటపడేది ఈ మూడోదే. దానికి హెడ్ పని చాలు, పిస్టన్లు, రింగుల జోలికి పోనక్కర్లేదు. నీలం పొగతో ఆయిలు తాగుతూ, గాలి రింగుల్లోంచి పోతుంటే అప్పుడు మాత్రం ఇంజిన్ పని నిజంగానే వచ్చింది. ఆ మాట చెప్పిన మెకానిక్‌ను అనుమానించకూడదు.

మన దగ్గర ఊరికే పడి ఉండే కొలత ఒకటి ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్. బీఎస్-4 డీజిల్ బండికి పొగ సాంద్రత 1.62 దాటకూడదు, అంతకు ముందు వాటికి 2.45. గొట్టంలో ప్రోబ్ నిజంగా పెట్టించి, ఆ అంకెను ప్రతిసారీ రాసి పెట్టుకుంటే, పికప్ తగ్గినట్టు మనకు తెలియకముందే ఇంజిన్ పరిస్థితి కనబడుతుంది. పోలీసుల కోసం కాగితం తెచ్చుకుంటున్నాం, అంకె మాత్రం చదవడం లేదు.

షెడ్లు చెకింగ్‌కు విడిగా చార్జీ రాయాలి, బదులుగా కొలతల కాగితం ఇవ్వాలి. రిపేరుకు ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది అందులో ఉండాలి. పని అక్కడే చేయిస్తే ఆ చార్జీ బిల్లులో తగ్గించుకోవచ్చు. ట్యాక్సీ డ్రైవర్ల సంఘాలు పట్టుబడితే ఆటోనగర్‌లో ఇది అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టదు. ఎందుకంటే ఎక్కువ బండ్లు వాళ్లవే.

అన్నీ కొలిచాక కూడా ఇంజిన్ పని తప్పదని తేలితే, రీబోర్ (అరిగిన సిలిండర్లను మళ్లీ చెక్కించడం) చేయించడమా, తుక్కు బండిలోంచి తీసిన ఇంజిన్ వేయించడమా అన్న ప్రశ్న వస్తుంది. రెండోది చవక, పని కూడా తొందరగా అయిపోతుంది. అయితే అలా కొనే ఇంజిన్‌కు కూడా బిగించకముందే కంప్రెషన్ చూపించమని అడగాలి. బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిదో తెలిపే కాగితాలు తీసుకోవాలి. కొత్త ఇంజిన్ నంబరును ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి. నంబరు తేడాగా ఉంటే ఫిట్‌నెస్ దగ్గర బండి ఆగిపోతుంది, యాక్సిడెంట్ జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు చిక్కు వస్తుంది.