సవరణ: బిళ్ల గన్నేరు ఆకు, క్యాన్సర్ మందు

మొన్న బిళ్ల గన్నేరు గురించి రాస్తూ, పురుగుల నుంచి కాపాడుకోవడానికి ఆ మొక్క ఆకుల నిండా విన్‌క్రిస్టిన్ దాచుకుంటుందని, అదే మనకు క్యాన్సర్ మందు అయిందని అన్నాను. అది తప్పు.

ఆకు పైనుండే సన్నని మైనపు పొరలోకి మొక్క వదిలేది కాథరాంథిన్. పురుగులకు, బూజుకు పడనిది అదే. విండోలిన్ అనే ఇంకో పదార్థం ఆకు లోపలి కణాల్లో ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వస్తాయి. మొక్క వాటిని వేరువేరు చోట్ల పెడుతుంది కాబట్టే ఆకులో ఆ మందులు లేశమాత్రంగా దొరుకుతాయి. ఎంత ముచ్చటైన ఏర్పాటో!

ఆ పాత పోస్టు చదివి ఒకరు, "నాన్నగారికి షుగర్, రోజూ రెండాకులు ఇవ్వనా?" అని అడిగారు. దయచేసి వద్దండీ. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా షుగర్ కోసమే ఈ ఆకును ఎలుకల మీద పరీక్షించారు. షుగర్ పెద్దగా తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. బ్లడ్ క్యాన్సర్ మందుకు దారి చూపింది ఆ గుణమే. డాక్టర్లు ఈ మందును కొలిచి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. ఇంట్లో నమిలే ఆకుకు ఆ కొలత లేదు. పాత పోస్టులో విన్‌క్రిస్టిన్ గురించిన ఆ తప్పు వాక్యం తీసేశాను.