వంశవృక్షంలో లేని ముత్తవ్వలు దస్తావేజుల్లో ఉన్నారు

కుటుంబ చరిత్ర రాసుకోవాలన్న ముచ్చట ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తోంది. మంచిదే. కానీ చేతికందిన వంశవృక్షం ఒకసారి చూడండి. తరతరాల మగవాళ్లు వరుసగా ఉంటారు, ముత్తవ్వ పేరు ఉండదు. ఆమె కోసం వెతకాల్సింది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోని పాత క్రయ దస్తావేజుల్లో.

అక్కడ పేరుతో పాటు ఆమె పడ్డ కష్టమూ దొరుకుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు, భర్త నుంచి వచ్చిన ఆస్తిపై వితంతువుకు ఉన్నది పరిమిత హక్కే. అమ్మాలంటే చట్టం ఒప్పుకునే అవసరం చూపాలి. లేకపోతే ఆమె పోయాక భర్త వారసులు కోర్టుకెక్కి ఆ అమ్మకం చెల్లదనవచ్చు. కొనేవాడికి ఆ భయం ఉంటుంది కాబట్టి అవసరమేంటో దస్తావేజులో విడమరచి రాయించుకునేవాడు: భర్త మిగిల్చిపోయిన బాకీ, కర్మకాండలకు చేసిన అప్పు, కూతురి పెళ్లి, పిల్లల పోషణ. తన డబ్బు కాపాడుకోవడానికి అతను పడ్డ జాగ్రత్త వల్ల, ఆ ఇల్లు ఏ ఇబ్బందిలో ఉందో మనకు తెలుస్తోంది. సాక్షుల్లో ఆమె అన్నదమ్ములుంటే పుట్టింటి ఊరు కూడా బయటపడుతుంది. హద్దుల్లో పొరుగు రైతుల పేర్లు సరేసరి.

ఆ అవసరాలు రాతగాడు అల్లినవి కావచ్చు కదా అంటారు కొందరు. కొన్ని అంతే. అందుకే ఒక్క కాగితంతో ఆగకూడదు. అదే సర్వే నంబరు మీద అంతకుముందు రాసిన తనఖా పత్రం, ఆ కూతురి పెళ్లి జరిగిన ఏడాది పక్కపక్కన పెట్టి చూస్తే ఏది నిజమో చాలావరకు తేలుతుంది.

ఇవి రహస్య పత్రాలేమీ కావు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు అడగొచ్చు. రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లతో ఇండెక్సు ఉండాలని 55వ సెక్షన్ చెబుతోంది. అయినా ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, వెతికితే 1983 నుంచే మొదలవుతుంది. ఈ వితంతువుల కథలేమో 1956కు ముందువి. ప్లాటు కొనేవాళ్ల టెన్షన్ తీరితే చాలు, రికార్డు పని అయిపోయినట్టేనని మన ప్రభుత్వాలు అనుకుంటున్నాయి. నా అసలు అభ్యంతరం ఇదే. భూమి రికార్డును రియల్ ఎస్టేట్ సరుకుగా చూడటం మానాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ 1956కు ముందున్న పేర్ల ఇండెక్సులను మొదట స్కాన్ చేయించి, రాష్ట్ర ఆర్కైవ్స్ ద్వారా అందరికీ తెరవాలి. దస్తావేజు సంపుటాలు ఆ తర్వాతైనా ఫర్వాలేదు. పేరు దొరికితే నకలు మనమే తెచ్చుకుంటాం.