సవరణ: స్పానిష్ పలకరింపుల ఉచ్చారణ

స్పానిష్ పలకరింపుల జాబితాలో 'బ్యూనస్ టార్డెస్' (గుడ్ ఆఫ్టర్‌నూన్), 'గ్రాథియాస్' (థాంక్స్) అని పడింది. రెండూ సరిచేసుకోండి.

మొదటిది 'బ్వేనాస్ తార్దెస్'. స్పానిష్‌లో ట, డ లు లేవు. నాలుక కొన పై పళ్ల వెనక తగలాలి, మన త, ద ల్లాగే. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్లకే ఈ ట అంటుకుంటుంది. 'ర్' తర్వాతి ద ని గట్టిగా నొక్కకండి, గాలి కాస్త జారనివ్వండి.

రెండోదాన్ని 'కథ'లోని థ తో పలికితే ఎక్కడా నప్పదు. మాడ్రిడ్‌లో నాలుక కొనను పళ్ల మధ్య పెట్టి గాలి వదులుతారు. మెక్సికో సహా లాటిన్ అమెరికాలో 'గ్రాసియాస్', అంతే.

అర్థంలోనూ ఒక మార్పు: 'బ్వేనాస్ నోచెస్' అంటే గుడ్ నైట్ ఒక్కటే కాదు. చీకటి పడ్డాక ఎదురుపడినా అదే అంటారు. అప్పుడది గుడ్ ఈవినింగ్.