ఆ బిల్డ్ ఆగాల్సిందే

"మీ మార్పు వల్ల బిల్డ్ ఆగిపోయింది, వెంటనే వెనక్కి తీసెయ్యండి." గంట క్రితం వచ్చిన మెసేజ్ ఇది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. బిల్డ్ అంటే రాసిన కోడ్‌ని చిప్పులోకి ఎక్కించే ప్రోగ్రామ్‌గా తయారుచెయ్యడం. అందులో ముక్కలన్నీ కలిపి, ఏది మెమరీలో ఎక్కడుండాలో సర్దేది లింకర్. నేను మార్చింది దానికి హద్దులు చెప్పే లింకర్ స్క్రిప్ట్‌లో ఒక్క అంకె. ఫ్లాష్ (పవర్ తీసినా చెరగని మెమరీ) పొడవు 64 కేబీ అని ఉన్నచోట 63 అని రాశాను. అంతే.

ఎందుకు రాశానో చెప్తా. మూడు రోజులుగా నా టేబుల్ మీద ఒక బోర్డు పడి ఉంది. ఆన్ చేస్తే చాలు, తెర మీద 65535 అని చూపిస్తోంది. ఈ పని చేసేవాళ్లకి ఆ అంకె చూడగానే గుండె జారుతుంది. సున్నాలూ ఒకట్ల లెక్కలో రాస్తే దాని 16 బిట్లూ ఒకట్లే. చెరిపేసిన ఫ్లాష్ అలాగే ఉంటుంది, అన్నీ ఒకట్లే. అంటే మన ప్రోగ్రామ్ ఖాళీ చోటుని చదివి, అదే అసలు విలువ అనుకుని వాడేసుకుంటోందన్నమాట.

చిప్పు ఎస్‌టీఎం32ఎఫ్103, 64 కేబీ ఫ్లాష్ ఉన్నది. ఒక్కో పేజీ, అంటే ఒకేసారి చెరిపే ముక్క, 1 కేబీ. చివరి పేజీ కాలిబ్రేషన్‌కి (బోర్డు కొలతల్ని సరిచేసే విలువలకి) వదిలెయ్యాలని మొదటి రోజే అనుకున్నాం. అనుకున్న మాట ఎక్కడ రాసి ఉంది? ఒక సీ ఫైల్‌లో కామెంట్‌గా. "చివరి పేజీ ముట్టుకోవద్దు" అని. లింకర్ కామెంట్లు చదవదండీ! 64 కేబీ నీదే అని దానికి చెప్పారు, అది 64 కేబీ వాడుకుంది. తప్పు దానిదా?

కోడ్ పెరిగి పెరిగి 64,900 బైట్లకి చేరింది. 99.03 శాతం అని చూపించి బిల్డ్ సాఫీగా అయిపోయింది. అమ్మయ్య, పట్టింది అనుకున్నారు అందరూ. అప్పటికే 388 బైట్లు కాలిబ్రేషన్ పేజీలోకి వెళ్లి కూర్చున్నాయి. కొత్త ఫర్మ్‌వేర్, అంటే ఈ ప్రోగ్రామ్, ఎక్కించగానే పాత కాలిబ్రేషన్ పోయింది. బోర్డు లేచి సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో చెప్పే లెక్క) చూసుకుంది, కలవలేదు, "మళ్లీ కాలిబ్రేట్ చెయ్యండి" అని అడిగింది. టెక్నీషియన్ పాపం అడిగినట్టే చేశాడు. అప్పుడు మన కోడే ఆ పేజీని చెరిపి కొత్త కాలిబ్రేషన్ రాసింది. మొదట కోడ్ కాలిబ్రేషన్‌ని మింగింది, తర్వాత కాలిబ్రేషన్ కోడ్‌ని మింగింది.

ఆ 388 బైట్లలో ఏముందో తెలుసా? వేరియబుల్స్ మొదటి విలువలు. ఆ విలువలుండే డాట్ డేటా సెక్షన్ కాపీ మామూలుగా ఫ్లాష్‌లో కోడ్ అంతా అయ్యాక చిట్టచివర ఉంటుంది. బోర్డు లేచేటప్పుడు ఒక్కసారి దాన్ని ర్యామ్‌లోకి (పవర్ ఉన్నంతసేపే నిలిచే మెమరీలోకి) తెచ్చుకుంటుంది, మళ్లీ ఆ వైపు చూడదు. అందుకే కాలిబ్రేట్ చేసిన రోజు ఏ తేడా కనపడలేదు, విలువలన్నీ అప్పటికే ర్యామ్‌లో ఉన్నాయి. టెస్ట్ పాసైంది. మర్నాడు పవర్ తీసి పెట్టాక 65535.

దీనికి వచ్చిన మొదటి తీర్పు ఏంటంటే, "సప్లైలో నాయిస్ ఉన్నట్టుంది."

నాయిస్! కరెంటులో ఒడిదుడుకులట! ఈ మాట వింటే నాకు పోయినేడాది గుర్తొస్తుంది. ఒక ఫ్లాగ్ (అవునా కాదా అని గుర్తుంచుకునే వేరియబుల్) దానంతటదే మారిపోయేది. కోడ్ మొత్తం వెతికినా దాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు. రెండు వారాలు నేను రాసిన డ్రైవర్ కోడ్‌నే అనుమానించారు, అదీ నా ముందే. చివరికి ఆ అడ్రస్‌లో ఎవరు రాసినా ఆపి చూపించే వాచ్‌పాయింట్ పెట్టి కాపలా కాస్తే దొరికింది. ఇంకెవరిదో ఫంక్షన్‌లో స్టాక్ మీద (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే ర్యామ్ చోటులో) పెట్టిన 1 కేబీ బఫర్. చిప్పు మొత్తం ర్యామే 20 కేబీ. స్టాక్ పైనుంచి కిందకి పెరుగుతూ వచ్చి ఆ ఫ్లాగ్ లాంటి గ్లోబల్ వేరియబుల్స్ మీద కూర్చుంది, చప్పుడు లేకుండా. ఆ రెండు వారాలకి నాకు ఒక్కరూ సారీ చెప్పలేదు.

అప్పుడే మొత్తుకున్నాను, స్టాక్‌ని ర్యామ్ అడుగుకి తెచ్చి పెట్టండని. అలా పెడితే హద్దు దాటగానే అసలు మెమరీయే లేని చోట పడుతుంది, అక్కడికక్కడే ఫాల్ట్ వచ్చి ఆగుతుంది, మనకి తెలుస్తుంది. "పనిచేస్తోందిగా, కదిలించొద్దు" అన్నారు. "వాచ్‌డాగ్ ఉందిగా" అన్నారు. ప్రోగ్రామ్ ఆగిపోతే చిప్పుని రీసెట్ చేసే ఆ వాచ్‌డాగ్‌కి తెలిసేది ప్రోగ్రామ్ తిరుగుతోందా లేదా అన్నదొక్కటే. పాడైన విలువలతో హాయిగా తిరుగుతుంటే దానికేం తెలుస్తుంది?

ఇంకోటి కూడా చెప్పాలి. ఈ చిప్పులో ఫ్లాష్ రాయాలంటే రెండు తాళంచెవులు, రెండూ 32 బిట్లవి, వరస తప్పకుండా రాయాలి. వరస తప్పితే రీసెట్ అయ్యేదాకా తెరుచుకోదు. చిప్పు చేసినవాళ్లు అంత జాగ్రత్త పెడితే, మన కోడ్ లేవగానే తాళం తీసేసి మళ్లీ వెయ్యదు. రోజంతా బార్లా తెరిచే ఉంటుంది. ఎక్కడో ఒక పాయింటర్ (మెమరీ అడ్రస్ పట్టుకునే వేరియబుల్) దారి తప్పితే కాపాడటానికి ఆ తాళం ఉండదు.

చిన్న బోర్డు, దీనికింత రాద్ధాంతమా అనేవాళ్లకి నాసా పంపిన వైకింగ్ 1 నౌక సంగతి చెప్తాను. 1976 జులై 20న అంగారకుడి మీద దిగింది. 90 రోజుల కోసం పంపింది ఆరేళ్లు దాటి పనిచేసింది. 1982 నవంబర్‌లో బ్యాటరీ ఛార్జింగ్ సరిచెయ్యడానికి కింద నుంచి కొత్త ఆదేశాలు పంపారు. అవి యాంటెనాని భూమి వైపు తిప్పి ఉంచే సమాచారం మీద పడ్డాయి. ఆ తర్వాత అది మళ్లీ పలకలేదు. దుమ్ము తుపాన్లూ చలీ చెయ్యలేని పని, తప్పుచోట పడిన రాత చేసింది. ఆ కథ నాకు ఎప్పుడు గుర్తొచ్చినా బాధేస్తుంది.

సరే, బిల్డ్ ఎందుకు ఆగిందో చూడండి. ఫ్లాష్ 388 బైట్లు ఎక్కువైందని లింకరే చెప్తోంది. మూడు రోజులు నేను వెతికి పట్టుకున్న అంకెని అది ఒక్క సెకనులో చెప్పింది. ఇన్నాళ్లూ చెప్పకపోవడానికి కారణం మనం దాన్ని అడగకపోవడమే.

వెనక్కి తీసెయ్యను. ఆ 388 బైట్లు ఎక్కడ తగ్గించాలో చూద్దామంటే ఈ రాత్రే కూర్చుంటాను. వాడని ఫాంట్ టేబుల్ ఒకటుంది, అది తీసేస్తే సరిపోవచ్చు. 63ని మళ్లీ 64 చెయ్యమంటే మాత్రం ఆ కమిట్ (కోడ్‌లో నమోదయ్యే మార్పు) కింద ఇంకెవరి పేరైనా పెట్టుకోండి.