పిల్లల పుస్తకానికి పెద్దల సంతకాలు

తెలుగువాళ్ళకి ఏజెంట్లు కొత్త కాదు. ఎల్‌ఐసీ ఏజెంటు పెళ్ళి పంక్తిలో పప్పు వడ్డించేలోపే పాలసీ రాయిస్తాడు. ప్లాట్ల ఏజెంటు చెరువుని కూడా గజాల్లో కొలిచి అమ్ముతాడు. ఓటున్న చోటల్లా పోలింగ్ ఏజెంటు ఉంటాడు. మనకి లేనిదల్లా రచయిత తరఫున రాతప్రతిని ప్రచురణకర్తకి అమ్మిపెట్టే పుస్తకాల ఏజెంటే. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. వంద రూపాయల పిల్లల పుస్తకం వెయ్యి కాపీలు వేశారనుకుందాం. ఆఖరి కాపీ దాకా అమ్ముడైతే పది శాతం రాయల్టీ పదివేలు. అందులో ఏజెంటు వాటా 15 శాతం, అంటే పదిహేను వందలు. ఆ కాపీలు కదలడానికి నాలుగేళ్ళు పడితే నెలకి ముప్పై ఒక్క రూపాయి. ఆ డబ్బుకి మన ఏజెంట్లెవరూ ఫోను కూడా ఎత్తరు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, పిల్లల కోసం ఇంగ్లీషులో రాసే తెలుగు అమ్మానాన్నలు మాత్రం అదృష్టవంతులు. అమెరికాలో పెంగ్విన్ రాండమ్ హౌస్, హార్పర్‌కాలిన్స్ లాంటి పెద్ద సంస్థలు ఏజెంటు లేకుండా వచ్చిన రాతప్రతిని సాధారణంగా తెరవనే తెరవవు. కాబట్టి పిల్లల చేతికి చేరేముందు పుస్తకాన్ని ఏజెంటు, ఎడిటరు, అమ్మకాల విభాగం, లైబ్రేరియను, ఆపైన డబ్బిచ్చి కొనే తల్లిదండ్రులు వరసగా ఆమోదించాలి. ఈ వరసలో పిల్లలు ఎక్కడా లేరు. ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో గమనించగలరు.

(మన దేశంలో పిల్లల పుస్తకాలు వేసే సంస్థలు చాలావాటికి ఏజెంటు లేకుండా నేరుగా పంపొచ్చు. అంత తేలికైన దారి గురించి గంభీరమైన వ్యాసంలో మాట్లాడ్డం మర్యాద కాదు.)

వరసలో పిల్లలు లేరు కాబట్టే, "నా పుస్తకం చూస్తారా" అని ఏజెంటుకి రాసే క్వెరీ ఉత్తరంలో మొదటి నిషేధం: "ఈ కథ మా చిన్నాడికి ఎంతో నచ్చింది" అని రాయకూడదు. కన్నకొడుకు సాక్ష్యం చెల్లదు. నిద్ర పావుగంట వాయిదా పడుతుందంటే కరెంటు బిల్లు చదివినా వాడికి నచ్చుతుంది. టీచరు చదువుతుంటే చప్పట్లు కొట్టిన సెకండ్ గ్రేడ్ క్లాసు మొత్తానిదీ అదే దోషం.

రెండోది వయసు ధ్రువీకరణ. "ఐదు నుంచి తొంభై ఏళ్ళ దాకా అందరూ చదవదగ్గది" అని రాస్తే, అది ఏ అరలోనూ పట్టదని రాసినట్టే. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకైతే మిడిల్ గ్రేడ్: 30 నుంచి 50 వేల పదాలు. ఆ పైన టీనేజీ పిల్లలకి యంగ్ అడల్ట్: 50 నుంచి 80 వేలు, ఫాంటసీ అయితే ఇంకాస్త. లక్షా ఎనభైవేల పదాల మిడిల్ గ్రేడ్ నవలని ఒక్క పేజీ చదవకుండా తిప్పి పంపొచ్చు. రచయితకి కోత పెట్టడం చేతకాదని అంకె ముందే చెప్పేసింది కదా.

బొమ్మల పుస్తకం దగ్గర మనవాళ్ళు బోల్తా పడేదే ఎక్కువ. దానికి మామూలుగా ఉండే 32 పేజీలు అచ్చు కాగితం మడతల్లోంచి పుట్టిన లెక్క. టైటిలు, కాపీరైటు పేజీలు పోగా కథకి మిగిలేవి 12 నుంచి 14 జంటపేజీలు. కథ 500 పదాలు దాటకపోతే మంచిది. అమ్మమ్మ కథల్లో రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకి బయల్దేరేసరికే 500 పదాలు అయిపోతాయి. పైగా కొందరు అంత్యప్రాసలో రాస్తారు. ఇంగ్లీషు పద్యానికీ నడక ఉంటుంది, ఒక్క పాదం కుంటినా ఏజెంటు చెవికి తెలిసిపోతుంది. కథంతా ప్రాస కోసమే వంకర్లు తిరిగిందనీ తెలిసిపోతుంది.

ఇక బొమ్మలు. బావమరిది కూతురు చక్కగా వేస్తుంది కదా అని ఇరవై నాలుగు బొమ్మలు వేయించి, డబ్బులిచ్చి, జతచేసి పంపుతారు. చిత్రకారుణ్ణి ఎంచుకునేది ప్రచురణకర్త, రచయిత కాదు. బొమ్మలు నచ్చకపోతే కథ కూడా వాటితోపాటే పోతుంది. రచయితే చిత్రకారుడైతే వేరే సంగతి: పుస్తకం మొత్తానికి పెన్సిలు డమ్మీ (పేజీ పేజీకీ గీసిన చిత్తు నమూనా), రెండు మూడు పూర్తి రంగుల బొమ్మలు పీడీఎఫ్‌లో చూపించాలి. అన్నట్టు, ఒక్క కథ ఉంటే చాలదు. నచ్చగానే ఏజెంటు అడిగేది "ఇంకేం ఉన్నాయి?" అనే. చేతిలో మూడు నాలుగు పూర్తయిన కథలు లేనివాళ్ళు అక్కడ నీళ్ళు నములుతారు.

"ఈ కథలోని నీతి" అన్న ఆఖరి పేరా మీద కూడా నిషేధం ఉంది. ఇది మన జాతి మీద జరిగిన దాడి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు గానీ, కోత మాత్రం తప్పదు. మన సంస్కృతి కథలకి గిరాకీ ఉందని విని, స్కూల్లో టిఫిను డబ్బా తెరిస్తే పులిహోర వాసనకి తోటిపిల్లలు ముక్కు మూసుకున్న కథే అందరూ పంపుతున్నారు. ఏజెంట్ల ఇన్‌బాక్సుల్లో ఇంగువ ఘాటు ఇప్పటికే ఎక్కువైంది.

ఉత్తరం మొత్తం మూడొందల పదాలు. నమూనా చిత్తగించండి: "ప్రియమైన సర్ లేదా మేడమ్, నేను పదిహేడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాను. చిన్నప్పటి నుంచీ సాహిత్యమంటే ప్రాణం. నా నవల స్నేహం, ధైర్యం, కుటుంబ విలువల గురించి..." పెళ్ళి సంబంధానికైతే ఈ బయోడేటా చాలు. ఏజెంటు మాత్రం రెండో వాక్యం దగ్గరే వెళ్ళిపోయాడు. ఇప్పుడిది చూడండి: "పన్నెండేళ్ళ లక్ష్మికి ఈత రాదు. చెరువులో మునిగిన గుడిలోంచి తాతయ్య పెట్టె తాళంచెవి శనివారంలోగా తేకపోతే ఇల్లు వేలానికి పోతుంది." ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం, రాకపోతే ఏం పోతుంది: నాలుగూ రెండు వాక్యాల్లో వచ్చేశాయి. తాళంచెవి దొరికిందో లేదో ఇక్కడ చెప్పకూడదు. విడిగా అడిగే ఒక పేజీ సినాప్సిస్‌లో, అంటే కథాసారంలో, మాత్రం దాచకూడదు. మనవాళ్ళు సరిగ్గా తిరగేసి, ఉత్తరంలో ముగింపు చెప్పేసి, సినాప్సిస్‌లో "మిగతాది వెండితెర మీద" అంటారు.

కింద పదాల లెక్క, వయసు వర్గం, గత మూడు నాలుగేళ్ళలో వచ్చిన రెండు పోలిక పుస్తకాలు (మనది ఎలాంటిదో చెప్పడానికి) ఉండాలి. కోట్లలో అమ్ముడైన మాంత్రికుల నవలలతో పోల్చుకుంటే వినయం లేదని కాదు, ఈమధ్య ఏమీ చదవలేదని అర్థం. మొదటి పేజీలు ఈమెయిల్లోనే అతికించాలి. అడగని అటాచ్‌మెంట్లు చాలాచోట్ల తెరవకుండానే చెత్తబుట్టలోకి పోతాయి.

ఒకేసారి వందమందికి పంపడం శుభలేఖల పద్ధతి, ఇక్కడ పనికిరాదు. ఎనిమిది, పదిమందికి, ఒక ఏజెన్సీలో ఒక్కరికే పంపి ఆగాలి. ఒక్కరూ రాతప్రతి అడగకపోతే జబ్బు ఉత్తరంలోనో, మొదటి పేజీల్లోనో ఉంది. పూర్తి ప్రతి అడిగి, చదివి, వరసగా వద్దంటుంటే జబ్బు నవలలో ఉంది. వందమందికీ ఒకే రోజు పంపేసినవాడికి ఈ తేడా తెలిశాక మందు వేసుకోవడానికి ఏజెంట్లు మిగలరు. జవాబుకి ఆరు నుంచి పన్నెండు వారాలు. చాలామంది దగ్గర మౌనమే జవాబు. మౌనం అర్ధాంగీకారం అనే సూత్రం అట్లాంటిక్ దాటదు.

డబ్బు సంగతిలో వీళ్ళ ధోరణి మరీ అనుమానాస్పదం. ముందు పైసా అడగరు! పుస్తకం అమ్ముడయ్యాకే 15 శాతం, విదేశీ హక్కుల మీద 20. అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ లిటరరీ ఏజెంట్స్ సభ్యులు చదివినందుకు రుసుము తీసుకోకూడదని నియమం. టోకెన్ అడ్వాన్సు ఇస్తేగానీ నమ్మకం కుదరని మనకి ఇది మింగుడుపడదు. అందుకే "రీడింగ్ ఫీజు" అడిగే పెద్దమనిషి దొరగ్గానే ప్రాణం లేచొచ్చి కార్డు తీసేస్తాం. ఆయన పుస్తకం అమ్మడు. అమ్మాల్సిన అవసరం లేదు, ఆయన సంపాదన అప్పుడే అయిపోయింది.

చివరికి ఎవరో ఫోన్ చేసి "మీకు ఏజెంటుగా ఉంటాను" అంటే అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకోనక్కర్లేదు. మిగతా ఏజెంట్లకి కబురు పెట్టడానికి రెండు వారాలు అడగడం ఆనవాయితీ. మొదటి విడత ఎంతమంది ఎడిటర్లకి పంపుతారు, మార్పులు ఏం కావాలంటారు, విడిపోవాలంటే ఎన్ని రోజుల నోటీసు, ఇవి అడగాలి. మూడో ప్రశ్న పెళ్ళిచూపుల్లో అడగలేం కాబట్టి ఇక్కడైనా అడిగి ముచ్చట తీర్చుకోవాలి.

సంతకాలన్నీ సవ్యంగా పడ్డాయనుకుందాం. కూతురికి నాలుగేళ్ళప్పుడు చెప్పిన కథ. తిరగరాతకి ఏడాది, ఏజెంటు దొరకడానికి ఏడాది, ఎడిటర్ల మధ్య తిరగడానికి ఏడాది, ఒప్పందం, చిత్రకారుడు, అచ్చు కలిపి మూడేళ్ళు. పార్శిలు వచ్చింది. లోపల అంకితం ఆ పిల్ల పేరునే ఉంది. పదేళ్ళది, నిలబడే నాలుగు పేజీలు తిప్పి, "అమ్మా, ఇది బేబీ బుక్ కదా" అని ఏడాది తమ్ముడి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. వాడు అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, ఒక మూల నోట్లో పెట్టుకున్నాడు.